సున్నా మీద టోపీ

లోపల జరిగింది గూ టీచరమ్మ కాగితాల మీద ఉంది, ఆగా, కోడలు పిల్లా. బయట బెంచీ మీద జరిగింది ఎక్కడా లేదు. అందుకే రాయమంటున్నాను. నా మాట నిదానం కాబట్టి నీ చెయ్యి నొప్పి పుట్టదులే. నేను ఆగినచోట నువ్వూ ఆగు. ముందుకీ వెనక్కీ పోతుంటాను, నువ్వు వరస కలపబోకు. నా గురించి చెడ్డగా వచ్చినచోట మెత్తగా మార్చి రాయకు. రెండేళ్ల కిందటి మే నెల, వెల్లుల్లి కాడలు లాగే రోజులు, పొద్దున్న పదిగంటలప్పుడు, బస్సెక్కి వెళ్లే ఆ కుటుంబ కేంద్రం, బయటి దేశాల నుంచి వచ్చిన కోడళ్లకీ వాళ్ల పిల్లలకీ మాటలు నేర్పేది, పై అంతస్తు, పసుపు తలుపు. నువ్వు నా మనవరాలు యోన్దుని చంకనేసుకుని లోపలికి వెళ్లావు. నేనూ లేచాను. టీచరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీరు బయటే కూచోండి తాతగారూ. లోపలుంటే పిల్లని అడిగినవాటికి మీరే చెప్పేస్తారు."

"నేనెక్కడ చెప్పానమ్మా, నాకే మాట పెగలదు."

"కిందటిసారి బంతి ఏదీ అని పిల్లని అడిగితే చూపించింది ఎవరు?"

నేనే. వేలు దానంతటదే లేచింది.

తలుపు మూసుకుంది. గుమ్మం ముందు నీ బూట్లు, వాటి పక్కన యోన్దు పసుపు రబ్బరు బూట్లు, ఒకటి నిలబడి, ఒకటి పడుకుని. వంగి ఆ పడుకున్నదాన్ని లేపాను, రెంటినీ బయటివైపు తిప్పి పెట్టాను, రాగానే తొడుక్కోవడానికి వీలుగా, వచ్చేటప్పుడు మీ ఇద్దరి ముఖాలూ ఎలా ఉంటాయో అనుకుంటూ. గంట పడుతుందంది టీచరమ్మ. దోగున్ ఉంటే బాగుండేది, వాడు పడవ మీద ఉన్నాడు, నెత్తళ్లు పడే రోజులు, వదిలి రాలేడు, ఉన్నా ఏం మాట్లాడతాడు, నా కొడుకే కదా, ఇద్దరం ఆ బెంచీకి చెరో చివరా కూచుని గోడ చూసేవాళ్లం. గోడ మీద నవ్వుతున్న పిల్లల బొమ్మలు. అన్ని నోళ్లూ తెరిచే ఉన్నాయి. ఆ గంటలో తేలాల్సింది ఒక్కటే. రెండున్నరేళ్ల పిల్ల. చెవులు బాగున్నాయని పట్నం ఆస్పత్రివాళ్లు రాసిచ్చారు, నాలిక బాగుంది, ఏడుపు బాగుంది, నవ్వు మరీ బాగుంది. మాట లేదు. ఒక్క మాట లేదు. అది ఆలస్యమా, లేక లోపల ఏదన్నా ఎండిపోయిందా? ఎండిపోతే ఎండబెట్టింది ఎవరు? ఆ చివరి ప్రశ్న టీచరమ్మ అడగదు. నన్ను నేనే అడుగుతున్నాను, గంటసేపు, ఆ బెంచీ మీద.

వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పొద్దున నాలుగు సాళ్లు లాగి వచ్చాను, సబ్బేసి రుద్దినా పోని వాసన. వెల్లుల్లి కాడని మొదట్లో పట్టుకుని తిన్నగా లాగితే పుక్కుమని ఊడొస్తుంది, కొంచెం వంకర పోయినా మధ్యలో తెగుతుంది. ఆ పుక్కు శబ్దం వినాలి, గట్టు మీద కూచున్న యోన్దుకి ఎంత సరదానో, కిలకిలా నవ్వి, రెండు బుగ్గలూ పొంగించి, నా వైపు చూసి ఏదో అంటుంది, నేను ఇంకోటి లాగుతాను, మళ్లీ నవ్వి మళ్లీ బుగ్గలు పొంగిస్తుంది, నేను మళ్లీ లాగుతాను. ఆ నవ్వు కోసం ఇంకా ముదరని కాడలు కూడా లాగేశాను ఆ పొద్దున. మీ అత్త ఉంటే తిట్టేది. నువ్వు ఆమెని చూడలేదు. దోగున్‌ని దుప్పటితో వీపుకి కట్టుకుని అవే సాళ్లలో తిరిగేది, నోరు ఒక్క క్షణం ఆగేది కాదు. ఇదిగో పురుగు, ఇదిగో గడ్డి, అదిగో సముద్రం, అదిగో మీ నాన్న, ఎంత నిదానమో చూడు, నత్త కూడా దాటిపోయింది. నేను పక్క సాలులోంచి విసుక్కునేవాణ్ని.

"ఎవరితోనే ఆ వాగుడు?"

"నీ కొడుకుతో."

"వాడికేం అర్థమై చస్తుంది?"

"నీకంటే నయమే. వాడు తిరిగి నవ్వుతాడు."

గుప్పిలి మూసి తెరిచి జామ్ జామ్ అని ఆడించేది, వీపు మీంచి చిన్న గుప్పిలి ఆమె భుజం పక్కన మూసుకుని తెరుచుకునేది. నేను అదంతా ఆడవాళ్ల కాలక్షేపం అనుకున్నాను. పిల్లలకి మాట దానంతటదే వస్తుందనుకున్నాను, పళ్లు వచ్చినట్టు, జుట్టు పెరిగినట్టు. రెండేళ్లు ఆమె చేసింది పని అని, సాలు తవ్వడంలాంటి పని అని, నడుం పడిపోయేంత పని అని, ఆమె పోయిన పదకొండేళ్లకి, ఆ బెంచీ మీద కూచున్నప్పుడు తెలిసింది. అక్కడ గోడకి నీళ్ల డబ్బా ఒకటి ఉంది, మధ్యమధ్య గుడగుడమంటుంది, బుడగ ఒకటి పైకి పోతుంది. ఎవరితోనే ఆ వాగుడు అన్నాను దానితో కూడా, లోలోపల.

లోపల్నించి చప్పుడు లేదు. చెక్కముక్కలు పేరుస్తున్నారేమో, ఒకటి పడింది. మళ్లీ ఏమీ లేదు. చప్పుడు లేని గది అంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం, ఎందుకో నీకెప్పుడూ చెప్పలేదు, దోగున్‌కీ చెప్పలేదు. యుద్ధం వచ్చిన ఏడు నాకు రెండేళ్లు. ఊరంతా కొండ మీద ఒక రాతి గుహలో దాక్కుందిట. కింద దారి మీద సైనికులు. ఎవరి సైనికులో మా అమ్మకి తెలియదు, అడిగినా చెప్పేది కాదు, సైనికులు అంటే చాలుననేది. పిల్లాడు ఏడిస్తే అందరూ పోతారని, నేను నోరు తెరిచినప్పుడల్లా అమ్మ చెయ్యి నా నోటి మీద పడేదిట. ఎన్ని రోజులో. కొండ దిగాక కూడా నేను నోరు తెరిచేముందు ఆమె చెయ్యి వంక చూసేవాణ్నిట. నాలుగో ఏట మాటొచ్చింది. వచ్చిన మాట ఇదిగో, నువ్వు వింటున్నదే, తడి కట్టెలా అంటుకోదు. బడిలో రెండేళ్లున్నాను. నేను ఒక మాట మొదలుపెట్టి పూర్తి చేసేలోపు పిల్లలు చప్పట్లు చరిచేవాళ్లు, ఎద్దుల బండీ వచ్చింది, ఎద్దుల బండీ వచ్చింది అని. మూడో ఏడు పోలేదు.

అందుకే, ఆగా. ఇది సాకు కాదు, సంగతి. యోన్దు పుట్టిన నలభయ్యో రోజు, వంటింట్లో టబ్బులో నీళ్లు పోస్తున్నావు. మీ భాషలో ఏదో అంటున్నావు, పాటలా మాటలా, గొంతు పైకీ కిందకీ పోతోంది, పిల్ల నీ నోరే చూస్తోంది. నేను గుమ్మంలో నిలబడి చెప్పాను. "ఈ ఇంట్లో మన మాటే ఉండాలి. పిల్ల చెవిలో ఆ మాట పడకూడదు. రెండూ కలిస్తే నాలిక తడబడుతుంది. రేపు బడిలో నవ్వుతారు." పక్కింటి కంపో ముసలమ్మ కూడా అదే అంది, ఊరంతా అదే అంటారు, కానీ చెప్పింది నేను. నువ్వు "అలాగే మావయ్యగారూ" అన్నావు. మా మాటల్లో నీకు అప్పటికి బాగా వచ్చినవి నాలుగే. ఉప్పు, అన్నం, అలాగే, పర్లేదు. ఆ నాలుగు మాటలతో ఏ తల్లి పిల్లని ముద్దు చేస్తుంది? నువ్వు పాలిచ్చావు, నీళ్లు పోశావు, వీపుకి కట్టుకుని ఏరావు, కట్టావు, మోశావు, అన్నీ చేశావు, నోరు మూసుకుని. టీవీ వాగుతుండేది. పిల్ల ఏడిచేది కాదు, పేచీ పెట్టేది కాదు, ఊళ్లోవాళ్లు ఎంత బుద్ధిమంతురాలో అనేవాళ్లు, నేను మురిసిపోయేవాణ్ని. బుద్ధి కాదు అది. ఎవరూ పలకని ఇంట్లో పిలిచి పిలిచి ఆపేసిన పిల్ల. మా అమ్మ నా నోటి మీద చెయ్యి వేసింది నన్ను బతికించుకోవడానికి. నేను నీ నోటి మీద చెయ్యి వేసింది దేనికి?

రాశావా? ఊఁ. ఏడవకు, అక్షరాలు చెరిగిపోతాయి.

నిన్ను ఆగా అంటాను కదా. మా వైపు పొత్తిళ్లలో పిల్లని పిలిచే మాట అదే, కొత్తగా వచ్చిన కోడల్ని పిలిచే మాటా అదే. వచ్చిన కొత్తలో నీకు వింతగా ఉండేది, పిల్ల పుట్టాక మరీ, ఆగా అని నేను పిలిస్తే నువ్వూ తిరిగేదానివి, ఉయ్యాల్లోది కూడా కళ్లు తిప్పేది. ఒక్కసారి నవ్వావు దానికి, గుర్తుందా, చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆ బెంచీ మీద నాకు అది తట్టింది. నిన్ను పసిపిల్లా పసిపిల్లా అని నాలుగేళ్లు పిలిచాను, పసిపిల్లకి చేసేది ఒక్కటీ చెయ్యలేదు. ఇది గిన్నె, ఇది గాలి, ఇది నత్త అని ఒక్కరోజు నీకు చెప్పలేదు. కేంద్రంలో మాటలు నేర్పుతారు పంపమంటే పనుందన్నాను, మీ ఊరివాళ్లు కలుస్తారు, కలిస్తే ఏమవుతుందో అని లోపల ఇంకో భయం. ఒకే ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు, ఇద్దరికీ మాట రాలేదు, ముసలాడు టీవీ చూస్తున్నాడు.

అప్పుడు గూ టీచరమ్మ వచ్చింది. అది అంతకుముందు సెప్టెంబరు, నేను వసారాలో విత్తనానికి రెబ్బలు విడదీస్తున్నాను. ఇరవై రెండు నెలల పిల్లకి మాట లేదని టీకాలు వేసేవాళ్లు పేరు రాసుకుపోయారు, అందుకని వచ్చింది, పొట్టి మనిషి, పెద్ద సంచీ. ఇంట్లో పిల్లతో ఎలా మాట్లాడతావమ్మా అని నిన్ను అడిగింది. నా వైపు చూశావు. టీచరమ్మ నీ చూపు పట్టుకుని నా దాకా వచ్చింది. ఆ క్షణాన తిట్టి ఉంటే నేను లేచి పొలానికి పోయేవాణ్ని, ఇవాళ ఈ రాత ఉండేది కాదు. తిట్టలేదు. నా పక్కన కూచుని తనూ రెండు రెబ్బలు విడదీసింది.

"మాట రాని పిల్లతో మాటలేంటమ్మా," అన్నాను నేను. "వెల్లుల్లి పాతిపెట్టి పక్కన కూచుని కబుర్లు చెప్తామా?"

"నీళ్లు పోస్తారా లేదా?"

"పోస్తాం."

"ఏ భాషలో పోస్తారు?"

"నీళ్లకి భాషేంటి!"

"నేనూ అదే అడుగుతున్నా తాతగారూ. ఈ పిల్లకి ఎవరి బావిలో నీళ్లు ఎక్కువున్నాయి? మీ బావిలోనా, వాళ్లమ్మ బావిలోనా?"

నేను ఇంకో రెబ్బ ఒలిచాను. అప్పుడామె దారుల సంగతి చెప్పింది. పుట్టిన పిల్ల బుర్రలో దారులుండవు, కొండవాలు ఉన్నట్టు ఉంటుంది, ఎవరైనా నడిస్తేనే దారి పడుతుంది, పిల్ల ఒక చూపు చూస్తే మనం చూడాలి, ఒక కూత కూస్తే మనం పలకాలి, అలా వెళ్లి అలా వస్తుంటే కాలిబాట పడుతుంది, మూడేళ్లలోపు పడ్డవి గట్టిగా నిలుస్తాయి, నడవనిచోట గడ్డి మొలుస్తుంది. మూడేళ్లు దాటితే పడవా అన్నాను. పడతాయి, చెమట ఎక్కువ పడుతుంది అంది. అని, తీగ మీద ఆరేసిన నా మేజోళ్లు తీసి ఉండ చుట్టి యోన్దు వైపు దొర్లించింది. పిల్ల చూసింది. చాలాసేపు చూసింది. టీచరమ్మ కదల్లేదు, నేను తొందరపడి చెయ్యి చాపితే నా చేతి మీద చిన్న దెబ్బ వేసింది. పిల్ల మేజోళ్లని కాలితో తోసింది. "ఓహో, నాకే!" అని టీచరమ్మ అంత బిగ్గరగా అంటే యోన్దు ఉలిక్కిపడి, మళ్లీ తోసింది. నా పాత మేజోళ్లు. ఒకదానికి బొటనవేలు దగ్గర చిల్లు. దాంతో నా మనవరాలు మొదటిసారి ఒకరిని పిలిచింది, ఒకరు పలికారు.

నీతో చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. మొదటి పూట అన్నం దగ్గర ఆగా అన్నాను, నువ్వు తలెత్తావు, ఉప్పు అందుకో అన్నాను. ఉప్పు నా ముందే ఉంది. రెండోరోజు ఊరగాయ అందుకోమన్నాను. మూడోరోజు పొలంలో, నువ్వు వంగి రెబ్బలు పాతుతుంటే నీ వీపు వెనక నుంచి చెప్పాను, ముఖం చూసి చెప్పలేక. పిల్లతో మీ మాటే మాట్లాడు. నీకు వచ్చినట్టు మాట్లాడు. నువ్వు వంగినదానివి వంగినట్టే ఉండి, "కోపంగా అంటున్నారా మావయ్యగారూ?" అన్నావు. కాదన్నాను. "నిజంగా అంటున్నారా?" ఔనన్నాను. నువ్వు ఇంకో రెబ్బ పాతావు. అంతే. వారం దాకా నీ నోట రాలేదు, నా ముందైతే ఇంకా చాన్నాళ్లు రాలేదు, వద్దన్నంత సులువుగా రమ్మంటే రాదు కదా. ఒక మధ్యాహ్నం వసారాలో కునుకు తీస్తుంటే గోడ అవతల ఎవరో ఆడమనిషి, గలగలా మాట్లాడుతోంది, మధ్యలో నవ్వుతోంది, ఏదో బెదిరిస్తోంది, మళ్లీ నవ్వుతోంది, ఎవరో చుట్టం వచ్చిందనుకుని లేచి చొక్కా వేసుకున్నాను. నువ్వే. యోన్దుకి జుట్టు దువ్వుతున్నావు. చొక్కా వేసుకుని అలాగే కూచున్నాను. నాలుగేళ్లుగా నా ఇంట్లో అన్నం వండుతున్న మనిషి గొంతు నేను మొదటిసారి విన్నాను, ఆగా. దణ్ణం పెట్టాలనిపించింది. ఎవరికి పెట్టాలో తెలియక చొక్కా బొత్తాలు పెట్టుకున్నాను.

బెంచీ మీద ఎంతసేపయిందో. గడియారం ఉంది గాని నా వెనక ఉంది, నేను తిరిగి చూడలేదు. లోపల నీ గొంతు వినబడింది, మీ మాటలో, కొంచెం. తర్వాత ఇంకో చిన్న చప్పుడు, యోన్దు చప్పుడు, బుగ్గలు పొంగించి చేసేది. అదే చప్పుడు. ఇంకా అదే. మా వైపు పసిపిల్లలు ఉయ్యాల్లో ఊఁ ఊఁ అనేదాన్ని ఓంగారి అంటాం, ఆరునెలల పిల్ల చేస్తే ముద్దు, రెండున్నరేళ్లకి ముద్దు కాదు. చలికాలం నుంచీ యోన్దు అదే చేస్తోంది. నేను గడప తొక్కితే ఓంగ్. పడవల రేవు దగ్గర నా చెయ్యి పట్టుకుని ఓంగ్. మేజోళ్ల బంతి దొర్లించి ఓంగ్. ముసలివాళ్ల సావిడికి తీసుకెళ్తే అందరి ముందూ నా మోకాలెక్కి, నా గడ్డం పట్టుకుని, ఓంగ్.

"ఏవయ్యా పాన్‌సులూ," అంది కంపో ముసలమ్మ, చీట్ల పేక పంచుతూ, "ఇంకా ఓంగారేనా? దీనికి పాలపళ్లు ఊడి గట్టిపళ్లొచ్చే వేళకైనా మాటొస్తుందా?"

"వస్తుందిలే."

"నీకొచ్చినట్టే వస్తే అప్పటికి మేవుండం."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఆ ముసలమ్మ మనసు చెడ్డది కాదు, పోతూపోతూ పిల్ల చేతిలో చిలగడదుంప పెట్టింది. కానీ ఆ తర్వాత సావిడికి పిల్లని తీసుకెళ్లడం మానేశాను. ఇంట్లో కూచోబెట్టి నేర్పాను. తాతయ్యా అను. తా. త. య్యా. నా నోరు చూడు. పిల్ల నా నోరు చూసేది, ఎంత శ్రద్ధగా చూసేదో, చూసి బుగ్గలు పొంగించి ఓంగ్ అనేది. కాదమ్మా, తా. ఓంగ్. కాదు. ఓంగ్. నేను అలసిపోయి ముఖం తిప్పుకునేవాణ్ని. పిల్ల నా చెవి పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకునేది. రాయి, ఇది రాయి. నా చెవి పట్టుకుని తిప్పుకునేది.

అంత భయంలోనూ ఆ బెంచీ మీద ఇంకోటి కూడా వచ్చింది, దాన్ని ఏమనాలో. పుక్కుమని కాడ ఊడొచ్చినప్పుడు చేతికి తెలిసే సుఖంలాంటిది. తలుపవతల నా పిల్లలిద్దరూ ఉన్నారు. ఒకామె ఊరికే కూచుని నా మనవరాలి వంక చూస్తోంది, ఏం చేస్తుందా అని, ఎలా పలుకుదామా అని, అంత దూరం నుంచి పెద్ద సంచీ మోసుకొచ్చి. నా తల్లి గుహలో ఉన్నప్పుడు ఇలాంటి మనిషి ఒక్కరు లేరు. ఏం తేలినా సరే, అనుకున్నాను. ఎండిపోయిందని తేలినా సరే, తడుపుతాం. చెమట ఎక్కువ పడుతుందంది కదా, చెమట నాకు కొత్తా? ఇంకా పదేళ్లు బతికితే పదేళ్లు ఆ మేజోళ్లు దొర్లిస్తాను. పసుపు తలుపు వైపు తిరిగి, ఎవరూ చూడట్లేదు కదా అని, నడుం వంచి ఒక నమస్కారం పెట్టాను. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. నా బట్టతల టీచరమ్మ పొట్టకి తగిలింది.

"ఏంటి తాతగారూ, బూట్లు వెతుక్కుంటున్నారా?"

"ఔనమ్మా," అన్నాను.

ఆమె నా పక్కన కూచుంది. నువ్వు వెనకాల నిలబడ్డావు, చంకలో యోన్దు, ముఖం చూస్తే ఏడ్చినట్టుంది, ఏడుపు ఏ రకందో తెలియలేదు. టీచరమ్మ చేతిలో రెండు కాగితాలు. ఒకటి ఆమెది. ఒకటి నీ చేతిరాత, మీ అక్షరాల్లో ఒక వరస, పక్కన మా అక్షరాల్లో వంకరటింకరగా ఒక వరస.

"ముందు మంచి చెప్తా, తర్వాత ఇంకో మంచి చెప్తా," అంది టీచరమ్మ. "వాళ్లమ్మ మాటలో అడిగితే పిల్ల అన్నీ చూపించింది. బంతి, చెంచా, పిల్లి, తలుపు. అడిగినవి అర్థమవుతున్నాయి. ఎక్కడా ఏమీ ఎండిపోలేదు. ఇక రెండోది. పంతొమ్మిది మాటలు పలుకుతోంది. వయసుకి తక్కువే, మీకు అబద్ధం చెప్పను. కానీ ఎనిమిది నెలల కిందట నేను రాసుకున్నది సున్నా."

"పంతొమ్మిది మాటలా?" అన్నాను. "ఎవరు? ఈ పిల్లా? నేనెప్పుడూ వినలేదే!"

"విన్నారు. మీకు తెలియదు."

ఆ కాగితం చదివింది. మా అంటే అమ్మ. కా అంటే చేప. కొమ్ అంటే అన్నం. నేను ఒక్కొక్కటీ వింటున్నాను, కా కా అని ఈ పిల్ల రేవులో అరిచినప్పుడు కాకిని చూసిందనుకున్నాను, నెత్తళ్ల బుట్టని చూపిస్తోందా! మరి ఇన్నాళ్లూ మాటలొచ్చాయా అంటే రాలేదనే చెప్పావేమమ్మా అని టీచరమ్మ నిన్ను అడిగింది. నువ్వు యోన్దు జుట్టులో ముఖం పెట్టుకుని, "అవి మా మాటలు కదా. మాటలంటే ఇక్కడి మాటలనుకున్నా" అన్నావు. నీ మాటలు మాటల కింద లెక్కకి రావనుకున్నావు. ఆ లెక్క నీకు నేర్పింది నేనే, వంటింటి గుమ్మంలో నిలబడి.

"ఇదిగో, ఈ మాట దగ్గర వాళ్లమ్మ రెండు గీతలు గీసింది," అంది టీచరమ్మ. "రోజు మొత్తంలో అన్నిటికంటే ఎక్కువసార్లు అనేది ఇదేనట. ఓంగ్."

"అది మాట కాదమ్మా, ఓంగారి. పొద్దస్తమానం నన్ను చూసి—"

"నువ్వే చెప్పమ్మా థామ్."

నువ్వు నా వంక చూశావు. అలాగే మావయ్యగారూ అన్న రోజు చూసినట్టు కాదు. తిన్నగా చూశావు.

"మా భాషలో తాతని ఓంగ్ అంటారు మావయ్యగారూ. నేనే నేర్పాను. మీకు చెప్తే... మా మాటతో పిలుస్తోందని కోపమొస్తుందేమోనని."

ఆ గోడ మీద నీళ్ల డబ్బా గుడగుడమంది. చలికాలం అంతా. గడప తొక్కితే. రేవు దగ్గర. మోకాలెక్కి అందరి ముందూ. తాతా తాతా తాతా అని. ఎన్నిసార్లు. నేను కాదు కాదు కాదు అన్నాను, ముఖం తిప్పుకున్నాను, అయినా నా చెవి పట్టుకుని తిప్పుకుని మళ్లీ పిలిచింది. ఎవరూ పలకని ఇంట్లో పిలిచి పిలిచి ఒకసారి ఆపేసిన పిల్ల, ఈసారి ఆపలేదు. ఎందుకు ఆపలేదో నాకు తెలుసు, ఆగా. ఈసారి గోడ అవతల నుంచి నువ్వు పలుకుతున్నావు కాబట్టి. నువ్వు పలికిన బలంతో అది నన్ను పిలుస్తూ ఉంది. నా ముసలి బుర్రలో దారి పడేదాకా నడిచింది.

యోన్దు నీ చంకలోంచి నా వైపు వంగింది. రెండు బుగ్గలూ పొంగాయి.

"ఓంగ్."

మా వైపు చిన్నవాళ్లు పిలిస్తే పెద్దవాళ్లు పలికే మాట ఒకటుంది, నీకిప్పుడు తెలుసు, ఓన్యా అంటాం. మా అమ్మ నన్ను అనేది, కొండ దిగాక. మీ అత్త దోగున్‌ని అనేది, సాలు ఈ చివర నుంచి ఆ చివరికి. నేను ఎవర్నీ అనలేదు, నా మాట పెగిలేలోపు పిల్లలు పరిగెత్తిపోతారు కదా. ఆ పిల్ల పరిగెత్తలేదు. చేతులు చాపి, అలాగే వంగి, నా నోరు చూస్తూ ఆగింది, ఎద్దుల బండి వచ్చేదాకా.

"ఓన్యా," అన్నాను.

కళ్లు ఎంత పెద్దవయ్యాయో చూశావు కదా. నువ్వూ చూశావు, టీచరమ్మ చూసింది. ఓహో, నాకే! అన్నట్టు. ఒక్క క్షణం ఆలోచించి, నిజమో కాదో చూద్దామని, మళ్లీ ఓంగ్ అంది. ఓన్యా అన్నాను. ఓంగ్. ఓన్యా. బస్సులో కూడా అదే, దిగి నడిచొస్తుంటే అదే, కంపో ముసలమ్మ గోడ మీంచి తొంగి చూసి, "ఏంటయ్యా, ముసలాడికీ ఓంగారి పట్టుకుందా?" అంది, నేను ఆగి, నిదానంగా, ఊళ్లో అందరికీ వినబడేట్టు, ఇది ఓంగారి కాదు, నా మనవరాలు నన్ను పిలుస్తోంది, వాళ్లమ్మ మాటలో అని చెప్పాను. ఆ మాట పూర్తయ్యేదాకా ముసలమ్మ కూడా ఆగింది.

ఇప్పుడు రెండు మాటల్లోనూ కలిపి వాగుతోంది, విను, పెరట్లో కోళ్లతో పోట్లాడుతోంది. ఎవరితోనే ఆ వాగుడు అని నేను అడగను. తాతయ్యా అనడం కూడా వచ్చింది, కానీ నన్ను మాత్రం అలా పిలవదు, వద్దన్నాను.

ఇంత రాయించానా? చాలు. నీ రాత నాకంటే బాగుంది, నేను బడిలో రెండేళ్లున్నానంటే ఎవరూ నమ్మరు. ఒక్క పని చెయ్యి. పైన ఓంగ్ వచ్చినచోటల్లా మా అక్షరాల్లో రాశావు కదా, అది కొట్టేసి మీ అక్షరాల్లో రాయి. మొదటి అక్షరం సున్నాలా ఉంటుందన్నావు, దాని నెత్తిన టోపీలాంటి గీత ఒకటి ఉంటుందనీ, వెల్లుల్లి పొలంలో గడ్డి టోపీ పెట్టుకున్న నేనే అదని యోన్దుకి చెప్పి రాయిస్తున్నావట, నాకు తెలుసులే. బాగుంది. టోపీ మర్చిపోకు, ఆగా. మే నెల ఎండ.